ఎడమవైపు అరచుట్టు

తనిఖీ అధికారి మూడు గంటలకు వస్తాడని షెడ్డులో అందరికీ తెలుసు. అయినా, అందుకేనేమో, రెండు గంటలకే మేస్త్రి గ్యాసు మంట వెలిగించాడు. కిందటి వారం మనం ఆగింది ఆ నీలిమంట దగ్గరే. నర్సమ్మ గుమ్మంలో ఒక అడుగు లోపలా ఒక అడుగు బయటా పెట్టి నిలబడిపోయింది.

అంతకు ముందు జరిగినది ఇంతే. పద్దెనిమిది నెలల కిందట కొండదారిలో, గుర్రపు లాడంలా వంగిన మలుపు దగ్గర ఒక పాత జీపు అంచు దాటింది. రెండు పల్టీలు కొట్టి బండరాయికి ఆనుకుని ఆగింది. నడుపుతున్న మనిషి పోయాడు. పక్కన కూర్చున్న అతని భార్య నర్సమ్మ బతికింది. ఆమె ఎడమ భుజం మాత్రం వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేవదు. పై ఊళ్ళ ఆరోగ్యకేంద్రాలకు వారానికి రెండుసార్లు నర్సుగా ఆమె వెళ్ళి తీరాలి. ఆ దారి ఎక్కగల బండి ఆ ముసలి జీపు ఒక్కటే. దాని స్టీరింగు తిప్పాలంటే రెండు చేతుల్లోనూ సత్తువ కావాలి. అందుకని దానికి పవర్ స్టీరింగ్ అమర్చే పని మేస్త్రి తలకెత్తుకున్నాడు. ఆయన ఆమె భర్తకు స్వయానా అన్న. ఆయన చేసిన రిపేరే తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుందని నమ్మి, కన్నతల్లి ఆయన గుమ్మం తొక్కడం మానేసింది. జీపు పని మొదలైందని తెలియగానే, సాక్ష్యం చెరిగిపోకముందే బండిని పరీక్షించాలని రవాణా కార్యాలయానికి అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ పుణ్యమే ఈ మూడు గంటల తనిఖీ.

జీపు ముందు చక్రాలు నేలకు జానెడెత్తున ఇనప స్టాండ్ల మీద ఉన్నాయి. బానెట్ విప్పి గోడకు ఆనించారు. ఇంజను పక్కన కొత్త పంపు బిగిసింది, బెల్టు కూడా పడింది. నూనె గొట్టాలు రెండూ కొలతకు కోయించి, దుమ్ము పోకుండా మూతులకు గుడ్డలు కట్టి పెట్టారు. కొత్త స్టీరింగ్ బాక్సు బరువుకు బండి అడుగునున్న పాత ఛాసిస్ చట్రం పగులుతుందని లోపలివైపు మందపాటి రేకు వేసి అతికారు. ఇక మిగిలింది పాత స్టీరింగ్ బాక్సును దించడమే. ఆ పని ఎల్లుండి పెట్టుకుందామని నిన్నటిదాకా చెప్పిన మేస్త్రి, ఇప్పుడు దాని కిందే వెల్లకిలా పడుకుని, మంటను సన్నం చేస్తున్నాడు.

లేత్ మిషను దగ్గర స్టూలు మీద, మిషను ఆపేసి, మిల్లీమీటరు కూర్చుని ఉన్నాడు. ఆ మనిషిని ఆ పేరుతోనే పిలుస్తారు. కూరలో ఉప్పెంత వెయ్యాలని పెళ్ళాం అడిగితే కొలిచి చెప్తానంటాడని షెడ్డులో ప్రతీతి. మొన్న పంపు బిగించినప్పుడు నర్సమ్మను చూసి, ‘ఇక మీద చిటికెనవేలితో తిప్పొచ్చమ్మా బండిని. మీ బావగారిని మాత్రం రెండు చేతులా పట్టి తిప్పినా తిరగడు,’ అని నవ్వించినవాడు, ఇవాళ తలెత్తి చూడలేదు.

ఆమె లోపలికి వచ్చింది. బాక్సు కిందినుంచి వచ్చే ఇరుసును, దానికి బిగించిన ఇనప చేతిని మేస్త్రి మంటతో కోయబోతున్నాడని ఆమెకు కనిపిస్తూనే ఉంది. ఆ ఇనప చేతిని పనివాళ్ళు ఆర్ము అంటారు. స్టీరింగు తిప్పితే ఇరుసు తిరుగుతుంది, ఇరుసుతో ఆర్ము కదిలి చక్రాలను లాగుతుంది. ఇరుసు చుట్టూ పళ్ళలాంటి గాట్లుంటాయి, ఆర్ము ఆ పళ్ళను కరుచుకుని కూర్చుంటుంది. దాన్ని ఊడదీయడానికి పుల్లర్ అనే పనిముట్టు ఉంది. రెండు కొక్కేల కాళ్ళతో పట్టి, మధ్య మర తిప్పితే ఎంత బిగిసిన ఇనుమైనా చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. మంటతో కోస్తే ఆర్ము ఏ పన్ను మీద కూర్చుని ఉండేదో ఇక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

వాచిన వేలికి ఉంగరం బిగిసిపోతే తాము ముందు సబ్బు రాస్తామని, తర్వాత దారం చుట్టి లాగుతామని, కత్తెర ఆఖరి మాటని ఆమె మెల్లగా అంది. పుల్లర్ వాడకపోవడానికి కారణం అడిగింది. పుల్లర్ పోయిందని కింది నుంచి జవాబు వచ్చింది. ఎన్నాళ్ళయిందని అడిగింది. చాలా కాలమైందన్నాడు.

ఆమె సిలిండరు దగ్గరికి నడిచి వాల్వు మూసింది. మంట టప్పుమని ఆరింది.

“అందులో ఏముంది బావగారూ, మూడింటిలోగా కాలిపోవాల్సింది?”

మేస్త్రి జీపు కిందినుంచి రాలేదు. ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి, మడమలు పగిలి, నూనె ఇంకి. ఆమె కుడిచేత్తో కమ్మీ పట్టుకుని డ్రైవరు సీట్లోకి ఎక్కింది. ప్రమాదం తర్వాత ఆమె ఆ జీపులోకి ఎక్కడం అదే మొదలు. ఆ సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పి చూడటం పుట్టి బుద్ధెరిగాక మొదలు. చక్రాలు గాలిలో ఉండటం వల్ల స్టీరింగు ఒంటిచేతికే తిరిగింది. తిన్నగా ఉన్నచోటి నుంచి కుడికి తిప్పింది: రెండు చుట్లు పూర్తిగా వచ్చింది. మళ్ళీ తిన్నగా తెచ్చి ఎడమకు తిప్పింది. ఒక చుట్టు. ఇంకొక అర. అక్కడ అది గోడకు తగిలినట్టు ఆగిపోయింది.

ఆ తగలడం ఆమె ఒంటికి తెలుసు. మలుపులో, భర్త భుజాల్లోంచి ఆ అదురు సీటు మీదుగా పాకి తన నడుముకు తాకడం తెలుసు. ఎడమవైపు అరచుట్టు తక్కువైంది. ఆ అరచుట్టులోనే రోడ్డంతా ఉండిపోయింది.

ఆమె దిగేసరికి మేస్త్రి బయటికి వచ్చి కూర్చుని ఉన్నాడు. అడక్కుండానే చెప్పాడు. ఇరుసు పళ్ళు ఒక పక్క అరిగిపోయాయట. ఉండాల్సిన చోట ఆర్ము వదులుగా ఊగేదట. ఒక పన్ను పక్కకు జరిపితే గట్టిగా పట్టింది. కొత్త ఆర్ము, కొత్త ఇరుసు దొరికేదాకా అలా నడుస్తుందిలెమ్మని తానే బిగించానన్నాడు. అమ్మ అర్జీలో రాసింది అక్షరాలా నిజమేనన్నాడు. కావాలంటే మూడింటిదాకా ఇక్కడే ఉండి తనిఖీ ఆయనకు చూపించమన్నాడు.

నర్సమ్మ నిజంగానే ఉందామనుకుంది. పద్దెనిమిది నెలలుగా అత్తగారి నోట విని, నమ్మలేక, కాదనలేక మింగుతూ వచ్చిన మాట ఇప్పుడు ఆ మనిషి నోటినుంచే వచ్చింది. కానీ అడగకముందే ఒప్పుకునే మనిషి ఆ మంట ఎందుకు వెలిగించినట్టు? ఒప్పుకోవడానికి సిద్ధపడినవాడికి దాచుకోవలసిందేముంటుంది? రోగి తనంతట తాను చూపించే చోట కాక, చెయ్యి అడ్డం పెట్టుకునే చోట వెతకాలని ఆమెకు వృత్తి నేర్పింది.

లేత్ దగ్గరనుంచి మిల్లీమీటరు లేచాడు.

“మేస్త్రీ, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

నోరుమూసుకుని మిషను నడుపుకోమన్నాడు మేస్త్రి. మిల్లీమీటరు మూసుకోలేదు. పేరుకు తగ్గట్టే, ఎక్కువా తక్కువా కాకుండా, ఆమె కళ్ళలోకి చూసి ఒక్క ప్రశ్న వేశాడు.

“ఆర్ము ఒక పన్ను జరిగితే స్టీరింగు చక్రం సగం చుట్టు జరుగుతుందమ్మా. బండి తిన్నగా పోతుంటే చక్రం తలకిందులుగా ఉంటుంది. ఉండేది కూడా. మరి ఇప్పుడు నిటారుగా ఉందేం?”

ఆమె స్టీరింగు వైపు తిరిగింది. మూడు పుల్లల చక్రం, మధ్యలో హారన్ బిళ్ళ, బిళ్ళ మీది బొమ్మ తలపైకి, కాళ్ళు కిందికి. ఎంతో బుద్ధిగా ఉంది.

“నేనే తిప్పి పెట్టాను,” అంది. ఎవరికో మందు మోతాదు చెబుతున్నట్టు మామూలుగా అంది. ఆ మాట తన చెవికి చేరాకగానీ దాని అర్థం తెలియలేదు.

మేస్త్రి లేచి వెళ్ళి, గోడవారనున్న రేకుపెట్టె తాళం తీశాడు. అట్టడుగునుంచి పుల్లర్ తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. రెండు కాళ్ళకూ గాయాలకు కట్టే గాజు గుడ్డ చుట్టి ఉంది, ఇనుము గీతలు పెట్టకుండా. చుట్టు మీద చుట్టు సమానంగా, చివర ఏటవాలుగా మడిచి లోపలికి దోపి. అలా కట్టు కట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఒక్కరే ఉన్నారు. జీపును లోయలోంచి లాగిన రోజే సీటు వెనక దొరికిందన్నాడు. ప్రమాదానికి రెండు రోజుల ముందు, స్ట్రెచర్ చక్రం ఇరుక్కుందని చెప్పి ఆమె దాన్ని మిల్లీమీటరు దగ్గర అడిగి తీసుకుంది. మేస్త్రీ మిల్లీమీటరూ ఒకరికొకరు చెప్పుకోకుండానే సంగతి గ్రహించారు.

ప్రమాదానికి ముందురోజు ఆదివారం. అది ఆమెకు ఇప్పుడు ప్రతి క్షణమూ కనిపిస్తోంది. తలకిందుల చక్రాన్ని చూసి పై ఊళ్ళవాళ్ళు, నర్సమ్మ జీపు శీర్షాసనం వేస్తుందని నవ్వేవారు. ఆమె భర్తా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఆమెకు మాత్రం మందుసీసా మీద చీటీ తలకిందులుగా అంటించి ఉన్నా చెయ్యి ఊరుకునేది కాదు. ఎవరో అజాగ్రత్తగా బిగించారనుకుంది. ఆయన నిద్రపోతుండగా హారన్ బిళ్ళ తీసి, నట్టు విప్పి, పుల్లర్ పెట్టి చక్రం ఊడదీసి, నిటారుగా పెట్టి బిగించింది. పావుగంట పని. చక్రం మారింది, లోపల ఆర్ము మారలేదు. ఆ రెండూ వేర్వేరని ఆమెకు తెలియదు. మర్నాడు పొద్దున ఆయన సీట్లో కూర్చుని, చక్రం చూసి, మొహం విప్పార్చుకుని, అన్నయ్య వచ్చాడా అని అడిగాడు. తిరుగు ప్రయాణంలో అసలు సంగతి చెప్పి ఆటపట్టిద్దామని, వచ్చాడనుకో అంది ఆమె.

ఆయన అనుకున్నాడు. కొత్త ఆర్ము పడిందని, ఎడమవైపు లోటు తీరిందని అనుకున్నాడు. ఎప్పుడూ ఆ మలుపును ఒకసారి వెనక్కి తీసి, రెండు దఫాలుగా తిప్పే మనిషి, ఆ రోజు ఈలవేస్తూ ఒక్క ఊపులో తిప్పబోయాడు.

ఆయన నోటినుంచి చివరగా వచ్చిన మాట ‘అన్నయ్య’. ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరవగానే అత్తగారికి ఆమె చెప్పిన మాట అదే. చచ్చిపోతూ నా చిన్నకొడుకు హంతకుడి పేరు చెప్పాడు అంది అత్తగారు. ఇన్నాళ్ళూ ఆ మాట పిలుపో నిందో తేల్చుకోలేకపోయింది నర్సమ్మ. అది రెండూ కాదు. అది ఒక వాక్యానికి మొదలు. అన్నయ్య వచ్చాడన్నావుగా అని ఆయన అనబోయాడు. ఆయన చూసింది లోయవైపు కాదు, ఎడమ సీటువైపు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. మంచినీళ్ళు ఇచ్చాడు మిల్లీమీటరు. గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయింది.

“తప్పు ముందు నాది,” అన్నాడు మేస్త్రి. “చక్రం ఎందుకలా ఉందో వాడికొక్కడికే చెప్పాను. అది తలకిందులుగా ఉన్నన్నాళ్ళూ ఎడమకి తక్కువని గుర్తుంటుందిరా, కదపకు అన్నాను. నీకు చెప్పి భయపెట్టడం ఎందుకనుకున్నాం, ఇద్దరం.”

ఆ తర్వాత ఆయన చెప్పినదంతా నేలను చూస్తూ చెప్పాడు. తనిఖీ ఆయన బండి చూస్తే ఒక పన్ను తేడా కనిపెడతాడు, అది చిక్కు కాదు. చక్రం నిటారుగా ఎందుకుందని కూడా అడుగుతాడు, అదే చిక్కు. ఆర్ము కోసేస్తే రెండో ప్రశ్న పుట్టదు. మొదటిదానికి జవాబు తన దగ్గరుంది. షెడ్డు మూయించినా సరే, మరొకరి షెడ్డులో కూలి చేసుకోవడానికి చేతులున్నాయన్నాడు.

అన్యాయం కాదా అని ఆమె అడిగింది. ఎవరికని ఆయన ఎదురడిగాడు.

“అమ్మకి నామీద కోపం అలవాటైపోయింది అమ్మాయ్. దాన్ని పట్టుకునే నడుస్తోంది. నీ మీద ఇష్టాన్ని పట్టుకుని బతుకుతోంది. అన్నం నీ చేత్తో పెడితేనే తింటోంది. ఆ ఒక్కటీ లాక్కుంటే ఏం మిగులుతుంది ఆవిడకి?”

ఆయన లేచి వెళ్ళి సిలిండరు వాల్వు మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు. ఆమెవైపు చూశాడు. నువ్వు తలూపితే చాలన్న చూపు అది. గోడ గడియారంలో రెండు దాటి పాతిక నిమిషాలైంది. ఆమె తల ఊగలేదు. ఊగబోయిందో లేదో చెప్పడం కష్టం, ఎందుకంటే అప్పుడే షెడ్డు ముందు ఆటో ఆగింది.

అధికారి అరగంట ముందే వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, చొక్కా జేబులో సుద్దముక్క. వెనకే అత్తగారు. గుమ్మం దాకా వచ్చి ఒక్క క్షణం తటపటాయించి, కొడుకు మొహం చూడకుండా దాటింది.

అధికారి గ్యాసు గొట్టం మూతి మీద వేలు ఆనించి చటుక్కున తీసేశాడు. పుస్తకంలో రాసుకున్నాడు. స్టీరింగు అటూ ఇటూ తిప్పి లెక్కపెట్టాడు, రాసుకున్నాడు. జీపు కింద దూరి టార్చి వేసి చూశాడు, రాసుకున్నాడు. చివరికి చక్రాలు తిన్నగా పెట్టించి, స్టీరింగు మధ్యనుంచి దాని కింది గొట్టం మీదికి సుద్దతో ఒక గీత గీశాడు. తన పని అయ్యేదాకా ఆ గీత వెంట్రుకవాసి కదలకూడదన్నాడు. అప్పుడు కళ్ళజోడు దించి, ఆర్ము అలా కూర్చుంటే చక్రం ఇలా ఉండదని, ఎవరో ఊడదీసి మళ్ళీ పెట్టారని, అది ఎవరని అడిగాడు.

“నేనే,” అన్నాడు మేస్త్రి.

విన్నారుగా అన్నట్టు అత్తగారు అధికారి వైపు చూసింది. సంచిలోంచి కాగితం తీసి కోడలికిచ్చింది. బండిలో ఉండి బతికిన మనిషిగా ఆమె సంతకం చేస్తే అర్జీకి బలం వస్తుందని అధికారే చెప్పాడట. ‘చెయ్యమ్మా,’ అంది. పద్దెనిమిది నెలల్లో ఆ గొంతు అంత మెత్తగా పలకడం షెడ్డులో ఎవరూ వినలేదు.

నర్సమ్మ కాగితమంతా చదివింది. అక్షరదోషాలు లేవు. బల్ల మీద పెట్టి, అధికారి వైపు తిరిగింది.

“ఇందులో పేరు తప్పు పడిందండీ. చక్రం తీసి పెట్టింది నేను. నా పేరు రాయండి.”

“అబద్ధం,” అన్నాడు మేస్త్రి. ఆమెకు స్పానరు ఎటు పట్టుకోవాలో తెలియదని, భర్త పోయిన దిగులుతో మాట్లాడుతోందని, రాసుకోవద్దని అన్నాడు. పుల్లర్ ఉన్న బల్లకు అడ్డంగా నిలబడ్డాడు కూడా. అధికారి పుస్తకం మూశాడు. ఆ బావామరదళ్ళను మార్చి మార్చి చూశాడు.

“ఇరవై రెండేళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. నాది కాదంటే నాది కాదని కొట్టుకునేవాళ్ళనే చూశాను. నాదంటే నాదనే ఇంటిని ఇదే చూడటం.” తర్వాత నర్సమ్మతో, “నోటితో చెప్తే రాసుకోనమ్మా. నా కళ్ళముందు తీసి చూపించు. రాకపోతే ఆయన మాటే రాస్తాను,” అన్నాడు.

ఆమె మళ్ళీ ఆ సీటెక్కింది. అడక్కుండానే మిల్లీమీటరు స్పానరు అందించాడు, సరైన సైజుది. ఆమె గోటితో హారన్ బిళ్ళ అంచు పైకెత్తింది. అది చెప్పిన మాట విన్నట్టు ఊడి ఒళ్ళో పడింది. అధికారి కలం మూత తీశాడు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. కుడిచేత్తో స్పానరు నట్టు మీద పెట్టి ఒత్తింది. నట్టు కదల్లేదు, చక్రమే కదిలింది. అధికారి గీత చూడమన్నాడు.

ఆ ఆదివారం బండి నాలుగు చక్రాల మీద నేల పట్టుకుని ఉంది, ఆమెకు రెండు చేతులున్నాయి. ఇప్పుడు చక్రాలు గాల్లో ఉన్నాయి. ఎడమచెయ్యి స్టీరింగు పై అంచుదాకా వెళ్ళాలి, వెళ్ళదు. పళ్ళు బిగబట్టి లేపింది. భుజంలో ఏదో కలుక్కుమంది, మొహం తెల్లబోయింది, చెయ్యి జారిపోయింది. మేస్త్రి ముందుకు రాబోతే అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. షెడ్డు మనుషులెవరూ బండి ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. మిల్లీమీటరు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఆమె రెండోసారి ప్రయత్నించింది. చెమట కళ్ళలోకి కారింది.

ఇక రాదులెమ్మన్నట్టు అధికారి పుస్తకం తెరిచి మేస్త్రి పేరున్న వరుస మీద కలం ఆనించాడు.

అప్పుడు అత్తగారు కదిలింది. బల్ల మీది కాగితాన్ని ఒకసారి చూసి, అక్కడే వదిలేసి, జీపు చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చింది. కమ్మీ పట్టుకుని, ఆయాసపడుతూ, మోకాలు ముందు వేసి, పక్క సీట్లోకి ఎక్కి కూర్చుంది. కోడలి మొహం చూడలేదు. పెద్దకొడుకు మొహమూ చూడలేదు. చీర చెంగుతో అరచేతులు తుడుచుకుని, ముందుకు వంగి, స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది. ముంజేతుల మీద నరాలు తాళ్ళలా లేచాయి. సుద్దగీత కదలకుండా నిలబడింది.

“తిప్పు,” అంది.